అట్ట మీద లేని కొక్కెం

"ఇరవై మూడు పేర్లు," అన్నాడు చీఫ్ రాజరత్నం, రాజమండ్రి ఆఫీసులో కిటికీ కర్టెన్ లాగేస్తూ. "మనకోసం రహస్యంగా పనిచేస్తున్న వాళ్లవి. అన్నీ ఒకే డ్రైవ్‌లో ఉన్నాయి. ఆ డ్రైవ్ ఇప్పుడు ఫాల్కన్ ముఠా చేతిలో ఉంది."

"తెరిచారా సార్?" అడిగాడు ఏజెంట్ బుల్లబ్బాయి.

"కోడ్ కీ సముద్రంలో ఉన్న వాళ్ల ఓడలో ఉంది. డ్రైవ్ ఓడకి చేరితే తెరుస్తారు. పదహారో పేరు నీకు బాగా తెలిసినవాడిదే."

"ఎవరు సార్?"

"నువ్వే."

ఫాల్కన్‌కి ఇక్కడి మనిషి చంద్రరావు. బ్రిడ్జీలన్నింటి మీదా చెకింగ్ ఉండటంతో డ్రైవ్‌ని ఒక ఆఫ్‌రోడ్ బండి వెనక బంపర్‌లో పెట్టి వెల్డింగ్ చేయించి, నరసాపురం రేవులో బండ్లని ఎక్కించుకునే పంటు మీద గోదావరి దాటించాలన్నది అతని ప్లాన్. అవతల అంతర్వేది దగ్గర సాయంత్రం ఐదున్నర దాకా ఓడవాళ్ల బోటు ఆగుతుంది. ఆ బంపర్ తయారుచేసే మనిషి కోసం చంద్రరావు వెతుకుతున్నాడు.

"ఫ్యాబ్రికేటర్‌గా నువ్వు వెళ్తున్నావు," అన్నాడు రాజరత్నం. "లోపల మన మనిషి ఒకరున్నారు. పేరు చెప్పను, పట్టుబడితే నువ్వు చెప్పేస్తావు. ఉప్పాడ చీర తడిస్తే ఏమవుతుందని అడుగుతారు. అలుగుతుంది అను."

మర్నాడు పొద్దున్నే నిడదవోలు స్టేషన్ వెనక షెడ్డులోకి బుల్లబ్బాయి అడుగు పెట్టగానే వెనకాల షట్టర్ దిగిపోయింది. బయటి నుంచి తాళం పడిన చప్పుడు. రెండు నిమిషాల్లో అతని ఎడమ కాలికి గొలుసు, గొలుసు రెండో కొస వర్క్‌బెంచ్‌కి. కిటికీ లేదు. ఫోను తీసేసుకున్నారు.

"ఏమనుకోకండి," అన్నాడు చంద్రరావు, చాలా మర్యాదగా. "పని అయ్యేదాకా ఇలాగేనండి. భోజనం టైముకి వచ్చేస్తుంది."

"అయ్యాకండి?"

"అయ్యాక మీకు ఏ ఇబ్బందీ ఉండదండి."

బుల్లబ్బాయికి మిగిలిన గ్యాడ్జెట్ ఒక్కటే, నడుముకున్న కొలత టేపు. అందులో ట్రాన్స్‌మిటర్ ఉంది. బటన్ నొక్కాడు. రేకుల షెడ్డు గోడలు సిగ్నల్‌ని బయటికి పోనివ్వట్లేదు. షట్టర్ ఎత్తినప్పుడు మళ్లీ చూద్దామనుకుని అట్ట పెట్టె ఒకటి విప్పి, బంపర్ ఆకారంలో కోయడం మొదలుపెట్టాడు. ముందు అట్టతో చేసి బండికి ఆనించి చూసుకుని, తర్వాతే ఇనుము కోయాలి. ఈ పనిలో ఎవరైనా చేసేది అదే.

పదింటికి షట్టర్ ఎత్తి ఒకామె వచ్చింది. నల్ల కళ్లద్దాలు, చిలకపచ్చ పట్టుచీర, ఖరీదైన సెంటు. చంద్రరావు ఆమెను తబిత గారు అని పిలిచాడు.

ఆమె అట్ట కొస పట్టుకుని వంగింది. "ఉప్పాడ చీరండి ఇది. తడిస్తే ఏమవుతుందంటారు?"

"అలుగుతుందండి," అన్నాడు బుల్లబ్బాయి. లోపలి మనిషి దొరికిందనుకున్నాడు.

సరిగ్గా రెండు క్షణాలు. తబిత అతని నడుము నుంచి టేపు లాగి చంద్రరావుకి ఇచ్చింది. "ఇందులో ట్రాన్స్‌మిటర్ ఉందండి. ఈయన గవర్నమెంటు మనిషి."

చంద్రరావు సుత్తితో టేపుని పొడి చేశాడు. ఆ సుత్తి పట్టుకునే బుల్లబ్బాయి వైపు చూశాడు.

"ఇంకొకణ్ణి వెతికే టైము లేదండి," అంది తబిత. "బంపర్ అయ్యాక చూసుకోండి."

"నిజమే. కానీ కొలతలు నేనే చూస్తాను."

వెనక టైరు నేలని తాకే చోటు నుంచి బంపర్ కింది అంచుకి గీత గీస్తే వచ్చే కోణం డిపార్చర్ యాంగిల్. అది తక్కువైతే ఏటవాలు ఎక్కేటప్పుడు బండి వెనక భాగం నేలకి తగులుతుంది. చంద్రరావుకి ఆ సంగతి తెలుసు. అట్టని బండికి ఆనించి ఫోనుతో కొలిచాడు. ఇరవై ఏడు డిగ్రీలు.

"బానే ఉందండి. రేకు ఎంత మందం?"

"మూడు ఎంఎం చాలండి. తేలిగ్గా ఉంటుంది."

చంద్రరావు నవ్వాడు. "మూడా? పాల క్యానులా ఉంటుంది. చూసినవాళ్లు వేలితో కొట్టి నవ్వుతారండి మమ్మల్ని. పది వెయ్యండి. స్పేర్ వీలు దాని మీదే. రెండు డీజిల్ క్యాన్లు కూడా."

ఇక్కడ ఇనప పని ఏదైనా ఎత్తి చూసి బరువుంటేనే మెచ్చుకుంటారు. బుల్లబ్బాయి ఆ అలవాటు మీదే ఆశ పెట్టుకున్నాడు. అట్టకి బరువుండదు. పది ఎంఎం ఇనుముకి ఉంటుంది. స్ప్రింగులు కుంగితే ఆ ఇరవై ఏడు డిగ్రీలు మిగలవు.

చంద్రరావు కళ్లముందే బుల్లబ్బాయి డ్రైవ్ లోపల పెట్టి నాలుగు వైపులా వెల్డింగ్ చేశాడు. తన పేరుకి తనే మూత వేస్తున్నాడు. చివర్లో కింద ఒక లావుపాటి కొక్కెం అతికించాడు. అట్ట మీద అది లేదు.

తబిత కళ్లద్దాలు తీసింది. "ఈ కొక్కెం దేనికండి?"

"బురదలో దిగబడితే లాగడానికండి."

ఆమె వంగి కొక్కేన్ని చూసింది, కుంగిన స్ప్రింగుల్ని చూసింది. చెబితే అంతే.

"నాలుగున్నర పంటుకి వెళ్దామండి," అంది చంద్రరావుతో. "జనం తక్కువుంటారు."

నాలుగున్నరకి పోటు తీసి నీళ్లు వెనక్కి పోతాయి, రేవు ఏటవాలు బయటపడుతుంది. ఆ సంగతి ఆమెకి తెలిసి అందో తెలియక అందో బుల్లబ్బాయికి అర్థం కాలేదు.

బండి వెనక సీట్లో పైనున్న ఇనప రోల్ బార్‌కి అతని రెండు చేతులూ కట్టేశారు. అవతలి ఒడ్డున దింపుతామని చంద్రరావు చెప్పాడు. ఎలాగన్నది చెప్పలేదు. నడుముకి పిస్టల్ పెట్టుకుని అతనే బండి నడిపాడు. దారిలో పక్క సీట్లో ఉన్న తబిత ఫోను కూడా తీసుకుని జేబులో వేసుకున్నాడు.

రేవులో నీళ్లు బాగా వెనక్కి పోయాయి. బండి బురద వాలు దిగింది. ముందు చక్రాలు పంటు పలకలు ఎక్కాయి. వెనకాల కొక్కెం వాలులోకి జానెడు లోతు దిగి ఆగిపోయింది. ఇంజిన్ అరిచింది. చక్రాలు బురద చిమ్మాయి.

"ఎంత బరువెట్టేరండి బాబూ," అన్నాడు పంటు నడిపే చిట్టియ్య. "ఉండండి, తోస్తాం. ఒరేయ్, అందరూ తలో చెయ్యీ వెయ్యండ్రా."

బుల్లబ్బాయి దీన్ని లెక్కలో వేసుకోలేదు. ఈ రేవులో బండి దిగబడితే ఎవరూ ఊరికే నిలబడరు. బైకులవాళ్లు, చేపల బుట్టలవాళ్లు, ఇరవై మంది బంపర్ కిందికి చేతులు పెట్టారు. ఒక బెత్తెడు లేచింది. ఇంకో బెత్తెడు. కొక్కెం మొన తప్ప మొత్తం బయటికొచ్చింది. చంద్రరావు యాక్సిలరేటర్ మీద కాలేశాడు.

తబిత తలుపు తీసుకుని దిగింది. కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని బురదలో నాలుగడుగులు వేసి, తోస్తున్నవాళ్ల మధ్యకొచ్చి బంపర్ మీద కూర్చుంది. కొక్కెం మళ్లీ లోపలికి దిగిపోయింది.

"ఏంటండి ఇది, దిగండి," అన్నాడు చిట్టియ్య బిత్తరపోయి.

చంద్రరావు నడుము తడుముకున్నాడు. తబిత దిగేముందు లాగేసిన అతని పిస్టల్ ఆమె రెండో చేతిలో ఉంది.

"తాళం తీసి మీరు దిగండి చంద్రరావు గారు. చిట్టియ్య గారూ, ఈయన్ని గట్టిగా పట్టుకోండి. ఈయన దొంగ."

తొయ్యడానికొచ్చిన ఇరవై మందే పట్టుకున్నారు. తబిత తన ఫోను తీసుకుని రాజరత్నానికి ఒక్క మాట చెప్పింది. "ఇరవై మూడూ ఇక్కడే ఉన్నాయి సార్."

తర్వాత బుల్లబ్బాయి కట్లు విప్పింది. "టేపు ఇవ్వకపోతే నన్ను నమ్మేవాడు కాదండి. ఎలాగూ ఆ షెడ్డులో అది పలకదు. నీళ్లు తగ్గే టైముకి వెళ్దామని చెప్పే చనువు అలా వచ్చింది."

"చీర పాడైపోయిందండి."

"అలిగింది. నాకూ ఓ బండి ఉంది, ఇలాంటి బంపర్ చేస్తారా?"

బుల్లబ్బాయి మణికట్లు రుద్దుకుంటూ ఆలోచించాడు.

"తప్పించుకుపోయే ఉద్దేశముంటే ముప్పై డిగ్రీలు వేస్తానండి. లేదంటే ఇదే కొలత."