దస్తీ వేసిన సీటు

హెలికాప్టర్‌లో కిటికీ సీటు శేఖర్‌ది. దాన్ని లాక్కున్నది సంగీత. ఇందులో రెండో మాట లేదు.

అతని చేతిలో చీటీ ఉంది. చీటీ మీద నంబరు ఉంది. ఆ నంబరు కిటికీది. ఇవన్నీ ఉండగా ఆమె వెనకనుంచి వచ్చి, తలుపులోంచి చెయ్యి చాపి, ఆ సీటు మీద జేబురుమాలంత తన దస్తీ విసిరింది. అచ్చం జగిత్యాల బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి విసిరినట్టు.

"చీటీ నాకున్నది," అన్నాడు శేఖర్.

"దస్తీ నాది పడ్డది గదన్నా. జర జరుగు."

"గిది బస్సు గాదు."

"సీటు సీటే గద!"

పైలట్‌కు తెలుగు రాదు. దస్తీని చూశాడు, శేఖర్‌ను చూశాడు, నడిమి సీటు వైపు వేలు చూపించాడు.

ఈ తిరుగుడంతా ఒక దారం కంపెనీ ఖర్చు. రీళ్ళ డబ్బాల్లో కూపన్లు పెడితే, జగిత్యాలలో ప్యాంట్లు, షర్టులు కుట్టే శేఖర్‌కు, సిరిసిల్లలో లంగాలు కుట్టే సంగీతకు, కోరుట్లలో జాకెట్లు కుట్టే లసుమవ్వకు లక్కీడ్రా తగిలింది. చెన్నైలో ఓడ ఎక్కించి అండమాన్ దీవులు చూపిస్తారు. ఒకరోజు గాలిలో, ఒకరోజు నేల మీద. లసుమవ్వ గాలిలోకి రానంది. ఓడలోనే కూర్చుని తన సకినాల డబ్బాకు కాపలా కాసింది.

హెలికాప్టర్ లేచింది. కింద నీలం నీళ్ళు, పచ్చటి అడవి, నడుమ తెల్లటి ఇసుక ఉన్నాయట. శేఖర్‌కు కనిపించింది సంగీత జడ. మెడ చాపితే ఆమె చెవికమ్మ. ఇంకొంచెం చాపితే అసలు ఘోరం తెలిసింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

"కండ్లు తెరువు! దీవి అచ్చింది!"

"నువ్వు సూసి చెప్పు!"

"నీ తలకాయ అడ్డమున్నది. నేనేం సూడాలె?"

ఆమె అతని ముంజేయి పట్టుకుంది. దిగేదాకా వదల్లేదు. దిగాక చూసుకుంటే గోళ్ళు దిగిన అచ్చులు మిగిలాయి.

"కండ్లు మూసుకునేదానికి నీకు కిటికెందుకు?" అని నిలదీశాడు.

"తలుపు పక్కకే ఉన్నది గద. ఏమన్నయితే ముందుగాల దిగచ్చని."

"ఆకాశంలనా?"

అప్పుడు ఆలోచించింది సంగీత. "గది సోంచాయించలే అన్నా," అంది.

మరునాడు ముగ్గురూ జీపులో దీవి చూడ్డానికి బయలుదేరారు. మలుపు తిరగగానే దారి మీద జనం కూర్చుని ఉన్నారు. వాళ్ళు టైరు పేలిన బస్సులోంచి దిగిన బెంగాలీ యాత్రికులు. ఆ సంగతి లసుమవ్వకు తెలియదు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. కోరుట్లలో ఆమె కూర్చోని రాస్తారోకో లేదు.

"ఈడ గూడ మొదలయింది బిడ్డా, దిగుండ్రి!" అంటూ జీపు దిగి, వాళ్ళ నడుమ బాసింపట్టు వేసుకు కూర్చుని, "జై తెలంగాణ!" అని కేక పెట్టింది. డబ్బా మూత తీసి సకినాలు పంచింది. సకినం నోట్లో పడ్డాక ఆ బెంగాలీలు కూడా జై అన్నారు.

రాస్తారోకోల అలవాటు కొద్దీ శేఖర్, సంగీత కూడా దిగి పక్కపక్కనే కూర్చున్నారు. చినుకులు మొదలయ్యాయి. సంగీత దస్తీ తల మీద కప్పుకుంది. ఆ దస్తీ కింద రెండు తలలు పట్టవు. పట్టించే ప్రయత్నం మాత్రం జరిగింది.

"నన్ను అన్నా అనకు," అన్నాడు శేఖర్ ఉన్నట్టుండి.

"మరేమనాలె?"

"ఏం అనకు."

ఆమె నిజంగానే ఇంకేమీ అనలేదు. "ఇగో" అంది. "ఓ" అంది. "గిటు జూడు" అంది. శేఖర్‌ను అంతవరకూ ఎవరూ అంత ముద్దుగా పిలవలేదు.

ఓడ దిగి ఎవరి ఊరికి వాళ్ళు పోయారు. ఫోన్లలో నెలలు గడిచాయి. సకల జనుల సమ్మె మొదలై బస్సులు డిపోల్లోనే ఆగిపోయాయి. ఒకరోజు సంగీత గొంతు సన్నగా వినిపించింది.

"రాయికల్ సంబంధం అచ్చింది. మా అమ్మకు నచ్చింది. సమ్మె ఒడువంగనే మొదటి బస్సుల నన్ను సూడ అస్తరట. ఆళ్ళు అస్తే అమ్మ మాటిచ్చేస్తది."

"మా అమ్మను తీస్కొని ఇప్పుడే అచ్చేటోన్ని, గని ఆమె మోకాళ్ళకు మోటర్ సైకిల్ పడది. ఆటోలు గంత దూరం రావు. నాగ్గూడ గా బస్సే దిక్కు."

"అయితే నువ్వు ముందెక్కు," అని ఫోన్ పెట్టేసింది.

బస్సులు కదిలిన పొద్దున శేఖర్ తల్లి దుర్గవ్వతో జగిత్యాల బస్టాండుకు వచ్చాడు. భుజాన దుకాణంలోని కత్తిరింపు ముక్కల మూట ఉంది. శేఖర్ కబురు అందుకుని లసుమవ్వ కోరుట్ల నుంచి ఆటోలో దిగింది. అవతల, బస్సు మారడానికి దిగిన రాయికల్ వాళ్ళు పూలు, పండ్ల బుట్టలతో నిలబడ్డారు. పెళ్ళికొడుకు వెంకటేశం అందరికంటే వెనక ఉన్నాడు.

సిరిసిల్ల బస్సు లోపలికి తిరిగింది. శేఖర్ ఒక పక్క, లసుమవ్వ ఇంకో పక్క దాని వెంట ఉరికారు. కిటికీ కిటికీలోకి గుడ్డముక్కలు విసిరారు. బస్సు ఆగేసరికి సీట్లన్నీ చారలు, గళ్ళు, పూలు.

"గీ సీటు ఎవలది?" అంది వెంకటేశం తల్లి ఎక్కి.

"గుడ్డ పడ్డది గద వదినా," అంది లసుమవ్వ.

"మరి గిది?"

"దానిమీద గూడ పడ్డది."

మిగతా జనానికి మాత్రం లసుమవ్వ స్వయంగా ముక్కలు తీసి, "కూసో బిడ్డా, మా పోరని పెండ్లి ముచ్చట," అని చోటిచ్చింది. జనం కిసుక్కున నవ్వి కూర్చున్నారు.

వెంకటేశం తల్లి పండ్ల బుట్ట దించింది. "పిల్లను సూడ పోయేటప్పుడు సీటే దొరకలే. మంచి శకునం గాదు. దిగుండ్రి!"

వెంకటేశం అందరికంటే ముందు దిగాడు.

సిరిసిల్ల బస్టాండులో సంగీత తల్లి దేవమ్మ ఎదురుచూస్తోంది. "రాయికలోళ్ళేరి?"

"ఆళ్ళకు సీట్లు దొరకలే అత్తమ్మా," అన్నాడు శేఖర్.

"నువ్వెవలు?"

"దొరికినోన్ని."

దేవమ్మ మొహం ఎర్రబడింది. దుర్గవ్వ అందుకుంది. "వదినా, మోకాళ్ళు గుంజుతున్నయి. ముందుగాల కూసోబెట్టు, తర్వాత తిట్టు."

దేవమ్మ ఇంటికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది, తిట్టింది, చాయ్ పోసింది. బిడ్డ మొహం చూసింది. చివరికి శేఖర్ షర్టు ముంజేతి పట్టీ తిప్పి గుండీ దూరే కాజా చూసింది.

"చేత్తోటి కుట్టినవా?"

"చేత్తోటే."

"ఊఁ," అంది. ఆ ఇంట్లో దీవెన అంతకంటే పొడుగు ఉండదు.

గుమ్మం దగ్గర సంగీత అతన్ని ఆపింది. "నాదొక షరతు. కిటికీ సీటు ముచ్చట మల్ల ఎత్తద్దు."

"చీటీ నాది గద."

"ఎత్తద్దంటున్న."

"నంబరు గూడ..."

"శేఖర్!"

ఆమె నోట అతని పేరు రావడం అదే మొదలు.

"సరే," అన్నాడు. "ఇగ ఎత్త."

కిటికీ సీటు అతనిదే. కానీ ఆ మాట అతను ఇక ఎన్నడూ మాట్లాడడు.