నాలుగొందల మైక్రోవోల్టుల అల్లుడు

నాన్నలు రిటైరైతే మొక్కలు పెంచుకుంటారు, లేదంటే పేపరు ముందేసుకుని లోకాన్ని తిట్టుకుంటారు. ఈ నాన్న మాత్రం కూతురి తలకి తీగలు తగిలించాడు.

తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగమంతా కొట్ల వెంట తిరిగిన మనిషి. కొలవడానికి ఇంకేమీ మిగలక, మెదడు తరంగాలు చూపించే ఈఈజీ కిట్ ఒకటి తెప్పించి డైనింగు టేబులు మీద అమర్చాడు. "నాకు పెట్టకండి, మీ మిషను కాలిపోతుంది" అంది అమ్మ. ఇక దొరికింది కూతురే.

మామూలు రోజుల్లో నాన్న కిమ్మనకుండా తెర చూస్తూ కూర్చునేవాడు. తెర మీది గీత బుద్ధిగా యాభై మైక్రోవోల్టుల లోపే ఉండేది. కళ్ళద్దాల షాపు అబ్బాయి ఇంటికొస్తే మాత్రం నాలుగొందలు దాటేది.

ఆ అబ్బాయితో మొదటిరోజే గొడవ. "మీరిచ్చిన ఫ్రేము జారుతోంది" అని ఆమె, "మీ ముక్కుని అడగండి" అని అతను. ఆ తరవాత కళ్ళజోడు తరచూ లూజయ్యేది. అది కాకపోతే ఆమే లూజు చేసుకునేది. చివరికి పెళ్ళి మాట ఎత్తడానికి అతను ఇంటికొచ్చాడు.

నాన్న మనిషిని చూడలేదు, కూతురికి తీగలు తగిలించి గీతని చూశాడు.

"వీడు గుమ్మం తొక్కితే చాలు, నీ బుర్ర ఎలా అల్లాడుతోందో చూడు. వీడితో నీకు ప్రశాంతత ఉండదమ్మా. ఈ మాట నాది కాదు, అంకెది."

మనిషితో అయితే పోట్లాడొచ్చు. అంకెతో ఎవరు పోట్లాడతారు?

ఆశ చావక ఆమె మిషనులో తప్పు వెతికింది. కరెంటు వల్లేమోనని ఛార్జరు పీకేసి లాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడిపింది. ఫ్రిజ్ ఆపించింది. చెవికి తగిలించే క్లిప్పుని స్పిరిట్‌తో తుడిచింది. ఎలక్ట్రోడ్లకి కొత్త పేస్టు పూసింది. అతనొచ్చిన ప్రతిసారీ గీత మళ్ళీ అంతెత్తున లేచింది. ఆఖరికి ఆమెకే అనుమానం పట్టుకుంది, నిజంగానే ఇతను నాకు పడడేమో అని. అన్నం సహించడం లేదు. బాత్రూములో కుళాయి తిప్పి ఏడవడం అలవాటైంది.

ఒకరోజు వానలో తడుస్తూ అతను వచ్చాడు. వేరే ఊళ్ళో బ్రాంచికి ఒప్పేసుకున్నాడట, చెప్పి వెళ్ళిపోదామని.

"ఒక్క రీడింగు," అన్నాడు నాన్న. "రేపు నేను అన్యాయం చేశానని మీరు అనుకోకూడదు."

నుదుటికీ కణతలకీ తీగలతో కూర్చుందామె, ఉరిశిక్ష వినబోయేదానిలా.

"చూడు బాబూ, మా అమ్మాయి నీతో..." నాన్న మొదలెట్టగానే గీత ఎగిరింది.

అతను తెర వైపు చూడలేదు. ఇక చూసే వీలుండదన్నట్టు ఆమెనే చూస్తున్నాడు.

"మీ కళ్ళజోడు కదులుతోందండీ."

"ఇప్పుడా మీ వ్యాపారం?"

"కాదు. మీ నాన్నగారు మాట్లాడినప్పుడల్లా చెవుల దగ్గర కాడలు పైకి లేస్తున్నాయి."

ఆమె కణతలు తడుముకుంది. రాళ్ళలా ఉన్నాయి. పళ్ళు గట్టిగా బిగించి ఉంది, ఎప్పుడు బిగించిందో తనకే తెలీదు. వదిలింది. గీత పడిపోయింది. బిగించింది. లేచింది.

"నాన్నా, ఇది మెదడు కాదు, దవడ కండరం! నువ్వోసారి వంటింట్లోకి వెళ్ళు."

"నేనెందుకు? అతన్ని పంపు."

"కొలత కోసం."

కొలత కోసమంటే ఆయన ఎక్కడికైనా వెళతాడు. ఆయన వెళ్ళాడు, గీత దిగింది. అబ్బాయి ఎదురుగానే ఉన్నాడు.

"నన్ను చూస్తే మీకు ఏమీ లేవదన్నమాట!" అన్నాడతను దిగులుగా.

"నవ్వించకండి, నవ్వుకీ లేస్తుంది."

తరవాత అతన్ని బాల్కనీలోకి తోసి తలుపు వేసింది. నాన్న వచ్చి కూర్చున్నాడు. "ఈ కళ్ళద్దాలవాడితో నీకు..." అన్నాడో లేదో, గీత తెర పై అంచుని తాకింది.

ఆయన తెర వదిలి కూతురి దవడ వైపు చూశాడు.

"నేను ఈ మాట ఎత్తినప్పుడల్లా పళ్ళు బిగించుకునే ఉన్నావా?"

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. వంటింట్లోంచి అమ్మ అంది, "నాకు పెట్టకండని అందుకే అన్నాను."

నాన్న తడిగుడ్డతో ఆమె నుదుటి పేస్టు మెల్లగా తుడిచాడు. లేచి వెళ్ళి బాల్కనీ తలుపు తీశాడు.

"లోపలికి రా బాబూ, పూర్తిగా తడిసిపోతున్నావు." గడియ వదలకుండానే అన్నాడు, "అంకె సరైనదే. దాన్ని చదివినవాడిదే తప్పు. తప్పు నాదే."