అట్టముక్కకి గుచ్చిన చీటీ

ఆ కాలేజీ లైబ్రరీ కింది గదిలో చీకటి పడ్డాక పుస్తకం అడగకూడదంటారు. అడిగితే దొరకదని కాదు... దొరుకుతుందని.

చెప్పినవాళ్ళు ఒట్టేసి మరీ చెప్పారు. ఒక పరిశోధక విద్యార్థిని. మర్నాడు పది గంటలకి థీసిస్ ఇచ్చేయాలి. గడువు రెండుసార్లు పెంచారు, ఇక పెంచరు. అంతా అయింది, ఒక్క పేజీ నంబరు తప్ప. ఒక అధ్యాయం మొత్తం పాత పుస్తకంలోని ఒకే పేరా మీద నిలబడింది. ఆ పేరాని ఎవరో సీనియర్ నోట్సులోంచి దించుకుంది. పేజీ నంబరు లేకపోతే సంతకం పెట్టనని గైడు తెగేసి చెప్పాడు.

చేరిన కొత్తలో ఎప్పుడో తప్ప, ఇన్నేళ్ళలో లైబ్రరీవాళ్ళని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. అన్నీ ఫోన్లోనే దొరుకుతాయనే రకం. ఆ సాయంత్రం మాత్రం లైబ్రేరియన్ మేడమ్ కాళ్ళావేళ్ళా పడింది.

మేడమ్ రిజిస్టరు తిరగేసి, ఆమె ముఖంకేసి ఒకసారి చూసి, పుస్తకం ఉండే అర నంబరు రాసిచ్చింది.

"కింద ఎవరూ లేరు. నువ్వే చూసుకో... కొత్తగా చీటీ మాత్రం రాయకు."

ఎందుకని అడిగే ఓపిక కూడా లేదామెకి.

కింద సగం లైట్లు వెలగడం లేదు. ఫోన్ వెలుగులో వరసలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళింది. పుస్తకం ఉండాల్సిన చోట అట్టముక్క నిలబెట్టి ఉంది — ఎవరికైనా పుస్తకం తీస్తే ఆ ఖాళీలో అట్టముక్క పెట్టి, అడిగినవాళ్ళ చీటీ దానికి గుచ్చడం అక్కడి పద్ధతి.

ఎవరో తీసుకుపోయారు... ఆమె ప్రాణం ఉసూరుమంది. అమ్మకి ఏం చెప్పాలి? అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే చీటీ మీద వెలుగు వేసింది.

చేతిరాత తనదే.

నాలుగేళ్ళ కిందటి తేదీ. అప్పుడొకసారి రాసిచ్చింది. రేపు రమ్మన్నారు... వెళ్ళలేదు.

కీచు... కీచు...

పుస్తకాల బండి చక్రం. వరస చివర ఆగింది. బండి వెనక ఖాకీ చొక్కా ముసలాయన. ఎక్కడో చూసిన ముఖమే.

"వచ్చావా అమ్మా... తీసి పెట్టాను."

పుస్తకం అందుకుని గబగబా పేజీలు తిప్పింది. నూట పన్నెండు. ఆ పేరా అక్కడే ఉంది. అందినట్టు చీటీ మీద సంతకం పెట్టమన్నాడు, పెట్టింది. తలెత్తేసరికి బండీ లేదు, మనిషీ లేడు.

మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. మేడమ్ ఆమె చేతిలోని చీటీ చూసి బెదరలేదు, కళ్ళు తుడుచుకుంది. ఆ బండి తోసే తాత పోయి మూడేళ్ళయిందట. అడిగి మళ్ళీ రాని వాళ్ళ చీటీలు తీరేదాకా ఆయన ఆ గది వదల్లేదట.

"రిజిస్టరులో మిగిలింది నీదొక్కటే. అందుకే నిన్ను ఒక్కదాన్నే పంపాను. కోప్పడకు తల్లీ... ఇవాళ్టితో ఆయనకి సెలవు."

ఆమెకి కోపం రాలేదు. పుస్తకం గుండెకి హత్తుకుని గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ కాళ్ళు ఆగిపోయాయి.

ఆ ముఖం ఎక్కడ చూసిందో గుర్తొచ్చింది. ఆ రోజు తను రాసింది రెండు చీటీలు. ఒకటి కౌంటర్లో ఇచ్చింది. రెండోది, బండి తోసుకుంటూ ఎదురొచ్చిన తాత చేతిలోనే పెట్టేసింది. రిజిస్టరుకి ఎక్కనే లేదు.

ఆ పుస్తకం పేరేమిటో, ఎంత తల బాదుకున్నా గుర్తు రావడం లేదు.

కింద... కీచు... కీచు...