ఆమెకు పడనివి

"మేడం, మళ్లీ అదే శబ్దం. కుర్చీ కదిలించకండి."

అద్దానికి అవతల సౌండ్ ఇంజనీర్ హెడ్‌ఫోన్స్ సర్దుకున్నాడు. ఇవతల మైక్ ముందు, ఆడియోబుక్ చదవడానికి కొత్తగా వచ్చిన అమ్మాయి బిగుసుకుపోయి కూర్చుంది.

"కుర్చీ కాదు."

"మరి?"

"నా కడుపు."

అతను పకపకా నవ్వాడు. "ఏమీ తినకుండా వస్తే అంతే మరి! రేపట్నుంచి..."

మాట పూర్తికాకముందే ఆమె లేచి బాత్‌రూమ్ వైపు పరుగెత్తింది. ఇరవై నిమిషాల తర్వాత ఎర్రబడ్డ కళ్లతో తిరిగొచ్చింది. అతనికి మళ్లీ నవ్వు రాలేదు.

వారం తర్వాత, బయట వాన దంచేస్తుంటే, లంచ్ టైంలో అతనే కదిలించాడు.

"రోజూ ఉత్త అన్నం, క్యారెట్, గుడ్డేనా? నోరెందుకు కట్టేసుకున్నారు?"

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందండీ. వదిలెయ్యండి."

"పడనివ్వండి. నేను చూడను, వింటాను. నా ఉద్యోగమే అది."

ఆమె మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే చెప్పేసింది.

ఐబీఎస్ అనే పేగుల జబ్బు. నాలుగేళ్లుగా. పరీక్షలన్నీ బాగానే ఉంటాయి, పేగులే మాట వినవు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, పప్పులు కొన్నాళ్లు మానేసి, తర్వాత ఒక్కొక్కటే కొద్దిగా తిని, ఏది పడిందో ఏది పడలేదో రాసుకోమంది డైటీషియన్. ఆమె రెండుసార్లు మొదలుపెట్టింది. "ఒక్క ముద్దకి ఏమవుతుంది!" అంటూ రెండుసార్లూ ఇంట్లోవాళ్లే చెడగొట్టారు. ప్రేమిస్తున్నానన్నవాడు, ప్రతి సినిమాలోనూ సగంలో లేచి బయటికెళ్తోందని విసిగి వెళ్లిపోయాడు.

"ఇది మూడోసారి. ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. ఇదీ పాడైతే ఇంక నా వల్ల కాదు."

నాలుగు రోజుల తర్వాత అతను ఫ్లాస్క్‌లో సూప్ తెచ్చాడు.

"ఉల్లి వెయ్యలేదు, వెల్లుల్లి వెయ్యలేదు. భయపడాల్సింది నా చేతివంటకే!"

"నిజంగా నాకోసం కాచారా?"

ఆమె చివరి చుక్కదాకా తాగింది. సాయంత్రానికి మెలికలు తిరిగిపోయింది. మూడు రోజులు మంచం దిగలేదు. గడువు దగ్గరపడిందని స్టూడియోవాళ్లు ఆ పుస్తకాన్ని ఇంకొకరికి ఇచ్చేశారు.

అతను వంటింట్లో సూప్ పొడి ప్యాకెట్ తిప్పి చూశాడు. వెనక చీమకాళ్లంత అక్షరాల్లో ఉంది: ఉల్లి పొడి.

ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. మెసేజ్ మాత్రం వచ్చింది. "మీ తప్పు కాదు. నా బతుకే ఇంత. దయచేసి రావద్దు."

అతను వెళ్లాడు. ఆమె నాన్న తలుపు తీశాడు.

"బాత్‌రూమ్‌లో ఉంది బాబూ. ఎప్పుడొస్తుందో చెప్పలేను."

"కూర్చోవచ్చా అండీ?"

పెద్దాయన మంచినీళ్లు తెచ్చిచ్చి గొంతు తగ్గించాడు. "కుళాయి తిప్పి ఏడుస్తుంది. మాకు వినపడదనుకుంటుంది."

గంట దాటాక ఆమె గోడ పట్టుకుని బయటికొచ్చింది. అతన్ని చూడగానే మొహం తిప్పుకుంది.

"రావద్దన్నానుగా! నన్నిలా చూడాలా?"

"సూప్ పొడిలో ఉల్లి ఉంది. నేను చదవలేదు. తప్పు నాదే."

"తెలిసి ఏం చెయ్యను? మళ్లీ మొదట్నుంచా? ఉల్లి కాకపోతే ఇంకోటి. తిన్నా నొప్పే, తినకపోయినా నొప్పే. ఓపిక అయిపోయిందండీ నాకు."

"తగ్గిపోతుందని నేననను. నాకు తెలీదు. మీరంటే నాకిష్టం. మీకు బాగున్న రోజున చెబుదామనుకున్నాను. ఆ రోజు కోసం ఆగితే ఎప్పటికీ చెప్పలేనేమోనని భయమేసింది."

ఆమె గోడకి జారబడి కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. అతను కాస్త ఎడంగా, నేల మీదే కూర్చున్నాడు.

మళ్లీ నొప్పి మెలిపెట్టింది. ఆమె లేచి, బాత్‌రూమ్ తలుపు దగ్గర ఆగింది.

"ఎంతసేపు పడుతుందో తెలీదు."

"ఉంటాను."

తలుపు మూసుకుంది. పెద్దాయన చాలాసేపు ఆ తలుపు వంకే చూశాడు. తర్వాత కళ్లజోడు తుడుచుకుని వంటింట్లోకి నడుస్తూ అడిగాడు.

"ఉత్త అన్నం, క్యారెట్ తినగలవా బాబూ? ఇవాళ్టినుంచి ఈ ఇంట్లో అందరికీ అదే."