నూట నలభై తొమ్మిదో రోజు

2002 మార్చి 23, ఉదయం 6.10. రాజమండ్రిలో ఒక ఆసుపత్రి. సత్తియ్య చనిపోయాడు. వయసు నలభై మూడు. గుండె మీద అరచెయ్యంత మానని పుండు. తల మీద ఒక్క వెంట్రుక లేదు.

హత్య కాదు. ఆత్మహత్య కాదు. దొంగతనం చేసి చచ్చాడన్నది అతను పనిచేసే పైపులైను కంపెనీ మాట.

ఎస్సై సత్యకుమారికి ఆ మాట ఒంటికి కారం రాసినట్టుంది. పోయినవాడు వచ్చి కాదని చెప్పలేడుగా, ఎంతమాటైనా అనొచ్చు.

రావులపాలెం దగ్గర అరటితోటల మధ్య గ్యాస్ పైపులైను పడుతోంది. పైపుల అతుకుల్ని గామా కిరణాలతో ఫొటో తీసి పరీక్షిస్తారు. ఆ కిరణాలు వెలుగు జాతివే. కాని కంటికి కనపడవు, ఒంటికి వేడి తెలియదు, ఉక్కులోంచి కూడా దూసుకుపోతాయి, మనిషిని లోపల్నుంచే కాల్చేస్తాయి. అవి వచ్చేది గోరంత ఇరీడియం బిళ్ళలోంచి. పాతబడ్డ బిళ్ళ ఒకటి స్టోర్లో సీసం పెట్టెలో ఉండేది.

మార్చి 2 ఉదయం 8 గంటలకి పెట్టె సీలు తెగింది. మధ్యాహ్నానికి సత్తియ్యకి వాంతులు. డ్యూటీ చొక్కా షెడ్డులో తగిలించి ఆసుపత్రికి పోయాడు. మర్నాడు కంపెనీవాళ్ళ చేతిలో కిరణాల్ని పసిగట్టే మీటరు గీపెట్టింది. బిళ్ళ ఆ చొక్కా జేబులోనే దొరికింది.

ఎందుకు తీశావని ఎంతమంది అడిగినా సత్తియ్య నోరు విప్పలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మార్చి 25, ఉదయం 11.20. షెడ్డులో ముగ్గురిని కూర్చోబెట్టింది సత్యకుమారి. మేనేజరు సత్యప్రసాద్, సత్తియ్య భార్య చిన్నమ్మాయి, ఇంటర్ చదివే కూతురు శ్రీసత్య.

"బిళ్ళ తయారైన తేదీ?"

"అక్టోబరు నాలుగండి," అన్నాడు మేనేజరు.

"స్టోరు తాళం?"

"మొదట్నుంచీ సత్తియ్య దగ్గరేనండి."

"మరి ఐదు నెలలు ఎందుకు ఆగాడు?"

"దొంగబుద్ధి ఎప్పుడు పుడుతుందో ఎవరికి తెలుసండి?"

"మా నాన్న దొంగ కాదండి," అంది శ్రీసత్య.

ఈ పిల్ల వినకుండా ఉంటే బాగుండునని సత్యకుమారికి అనిపించింది. తల్లితో వచ్చేశాక ఏం చేస్తాం.

"మార్చి రెండు, బిళ్ళకి నూట నలభై తొమ్మిదో రోజు. మీరంతా చొక్కా జేబు చూశారు. ఆ చొక్కాకి తగిలించిన ఐడీ కార్డు వెనక చూడలేదు." మడతపెట్టిన కాగితం తీసింది. గుండ్రటి అక్షరాలు.

'ఇరీడియం అర్ధాయువు 74 రోజులు. అంటే నిండు ఆయువు 148. ఆ తర్వాత అది ఉత్త లోహపు ముక్కే. క్లాసులో చూపిస్తా, తెచ్చిపెట్టు నాన్నా.'

"నేనే రాశానండి," అంది శ్రీసత్య. "తప్పా?"

సత్యకుమారి బీయస్సీ కెమిస్ట్రీ. ఆ చదువు మీద ఆమెకి మొదటిసారి అసహ్యం వేసింది.

"అర్ధాయువు అన్న మాటే అలా ఉందమ్మా. ఎవరైనా అలాగే అనుకుంటారు. డెబ్బై నాలుగు రోజులకి సగం పోతుంది. తర్వాత డెబ్బై నాలుగు రోజులకి..."

"మిగిలినదాంట్లో సగం," అంది శ్రీసత్య మెల్లగా.

వేళ్ళు మడిచి లెక్కేసుకుంది.

"పావు వంతు ఉండిపోయిందన్నమాట," అంది మళ్ళీ. "అందుకా నాన్న చెప్పలేదు? నా పేరు వస్తుందనా?"

సత్యకుమారి తలూపింది. సత్యప్రసాద్‌ని బయటికి పొమ్మంది. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఈ కాగితం ఫైల్లో పెట్టకపోయినా నన్నడిగేవాడు లేడమ్మా."

"పెట్టకపోతే?"

"దొంగతనం కింద మూసేస్తారు."

శ్రీసత్య పెదవి కొరుక్కుంది. కళ్ళు పొంగిపోతున్నాయి, తుడుచుకోలేదు.

"పెట్టండి మేడం. లెక్క నాదేనని రాయండి."

ఇంతసేపూ చిన్నమ్మాయికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కూతురి భుజం పట్టుకుని కుదిపింది.

"ఏంటే, ఏమంటున్నారే మేడంగారు?"

"నాన్న దొంగ కాదంటున్నారమ్మా."