నాలుగింటికి లేపే ఇల్లు

సూళ్లూరుపేట స్టేషన్ వెనక ఒక పాత పెంకుటిల్లు ఉంది. అందులో దిగినవాళ్లెవరూ నెల తిరక్కుండానే ఖాళీ చేస్తారు. ఎందుకని అడిగితే నోరు విప్పరు. ఓనరు గోవిందయ్యని అడిగితే, "గాలీ వెలుతురూ బాగుండాదప్పా" అని మాట మార్చేస్తాడు.

అలాంటి ఇంట్లో దిగాడు మా స్నేహితుడు ఉబేద్. వాడు చెప్పిందే చెబుతున్నాను.

నిద్రలో వాడు కుంభకర్ణుడికి అన్న. చెన్నైలో కొత్త ఉద్యోగం, అప్పుడే రెండుసార్లు ఆలస్యం. "ఇంకోసారైతే ఇంటికే" అన్నాడు సూపర్‌వైజరు. మొదటి లోకల్ అందాలంటే నాలుగింటికే లేవాలి. అందుకే స్టేషన్ పక్కన ఇల్లు.

మొదటి రాత్రి మూడు అలారాలు పెట్టాడు. మూడూ మోగాయి... వాడు కదల్లేదు.

అప్పుడు — కిటికీ మీద టక్... టక్... టక్.

"లెయ్ నాయనా... బండి ఎల్లిపోతాది..."

ముసలి ఆడగొంతు. దిగ్గున లేచాడు. రైలు అందింది. పక్కింటి పెద్దావిడ కాబోలు, పుణ్యాత్మురాలు అనుకున్నాడు. పది రోజులు అలాగే గడిచాయి.

పదకొండో రోజు ఆమె కోసం అరటిపళ్లు కొన్నాడు. "పెద్దాయనా, తెల్లారుజామున లేపే ఆయమ్మ ఇల్లు యాడ?" అని గోవిందయ్యని అడిగాడు.

గోవిందయ్య మొహం పాలిపోయింది.

"కిటికీ అవతల ఇల్లే లేదప్పా... అంతా ముళ్లకంప." గొంతు తగ్గించి గొణిగాడు. "మా మేనత్త చంద్రకాంతమ్మది ఈ ఇల్లే. ఒకరోజు ఒళ్లెరగకుండా నిద్రపోయి కొడుకుని లేపలేదు. వాడు కదిలే రైలెక్కబోయి పడి సచ్చిపోయినాడు. ఆపైన ఆయమ్మ బతికినన్నాళ్లూ సరిగ్గా కన్ను మూయలేదు... పోయినాక కూడా."

ఉబేద్ దర్గాకి పరిగెత్తి, తాయెత్తు తెచ్చి కిటికీకి కట్టాడు. ఆ రాత్రి చప్పుడే లేదు. హాయిగా నిద్రపోయాడు... కళ్లు తెరిచేసరికి ఎండ మొహం మీద పడుతోంది!

సూపర్‌వైజరు కాళ్లావేళ్లా పడితే ఒక్క అవకాశం దొరికింది. దెయ్యమా, ఉద్యోగమా? రాత్రి తాయెత్తు విప్పాడు.

"తప్పైపోయిందమ్మా... రేపు లేపు."

టక్... టక్... టక్. సరిగ్గా నాలుగింటికి.

శనివారం రాత్రి పడుకోబోతూ కిటికీ వైపు తిరిగాడు. ఎందుకో ఆమె మీద జాలేసింది.

"అమ్మా... రేపు సెలవు. బండి లేదు. నువ్వు కూడా పడుకో."

పొద్దున ఎనిమిదింటికి మెలకువ వచ్చింది. ఇంట్లో తనొక్కడే. కానీ గది మూల నుంచి సన్నగా ఏదో వినిపిస్తోంది... చెవి ఒగ్గాడు.

గురక.

ఉబేద్ ఒళ్లు జలదరించింది. అయినా చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద బయటికి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.