నలభై ఆదివారాల పత్తిచేను

జూన్ నెలాఖరు ఆదివారం పొద్దున, మర్రిగూడకు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక పత్తిచేను గట్టు మీద కమలాకర్ గూటం దిగ్గొట్టాడు. మూరెడు కర్ర గూటం. దూరం నుంచి కూడా కనబడాలని దాని తలకు ఎర్ర రంగు పూశాడు.

ఆ చుట్టుపక్కల బుద్ధి ఉన్నవాడెవడూ ఆ పని చెయ్యడు. కాలువకు భూములు కొలుస్తారన్న మాట ఆ ఊళ్లో పుట్టి రెండేళ్లయింది. ఎర్ర గూటం కనబడిందంటే ఆ చేను సర్కారు పాలైనట్టేనని బడిపిల్లలకు కూడా తెలుసు. నల్లగొండ టౌన్లో బస్ కండక్టర్ కొడుకుగా పెరిగి, ఏడాది కింద మర్రిగూడలో ఫొటో స్టూడియో పెట్టుకున్న కమలాకర్‌కు మాత్రం తెలియదు.

ట్రైపాడ్ నిలబెట్టి కెమెరాలో కన్ను పెట్టాడో లేదో వెనక నుంచి కేక.

"ఓ సర్వేయర్ సారూ! ఎవల్నడిగి పాతినవ్ గిది?"

తిరిగి చూసేసరికి గూటం ఒక అమ్మాయి చేతిలో ఉంది. ఇరవై మూడేళ్లుంటాయి. అందగత్తేనా అని తర్వాతి రోజుల్లో అతను చాలాసార్లు ఆలోచించాడు, అవునని కూడా తేల్చుకున్నాడు. ఆ నిమిషంలో మాత్రం గూటం తన నెత్తి మీద పడుతుందా అన్నదొక్కటే చూసుకున్నాడు.

"సర్వేయర్ను గాదు మేడం. ఫొటోగ్రాఫర్ను."

"ఫొటోగ్రాఫర్‌కు గూటమెందుకు? పెండ్లిపిల్లను కట్టేస్తవా?"

"జాగ గుర్తుకు. ఆదివారం ఆదివారం వచ్చి, ఈడనే నిలబడి, గిదే ఫొటో తీస్త. నలభై వారాలు."

"ఒకటే ఫొటో, నలభైసార్లు?"

"అవు."

ఆమె అతన్ని కిందికీ పైకీ చూసింది. "దవాఖానల సూపిచ్చుకున్నవా?"

అంతలో ఆమె తండ్రి పరశురాములు వచ్చాడు. నాలుగెకరాల రైతు, మాట తక్కువ మనిషి. కమలాకర్ మళ్లీ మొదటి నుంచి చెప్పుకున్నాడు. హైదరాబాద్‌లో ఫొటో ఎగ్జిబిషన్ ఉంది. ఒకే చోటు కాలంతో పాటు ఎట్లా మారుతుందో చూపించాలి. గింజ వేసిన నాటి నుంచి పత్తికట్టె పీకేదాకా తీస్తాడు. పెళ్లిళ్లలో జనాన్ని నవ్వమని బతిమాలీ బతిమాలీ ప్రాణం విసిగిందని కూడా చెప్పాడు.

పరశురాములు నీళ్ల సీసా తెమ్మని బిడ్డను బండి దగ్గరికి పంపి, ఆమె అటు పోగానే గొంతు తగ్గించాడు.

"తీస్కో. కానీ ఒక్కటే మాట. మా బిడ్డ ఫొటో ఒక్కటి గూడ రావద్దు. పోయినేడు పెండ్లికొచ్చిన ఫొటోగ్రాఫర్ ఒకడు మా ఊరి పిల్ల ఫొటోను షాపు ముంగట ఫ్లెక్సీ ఏసిండు. ఆ ఇంటోళ్లు నెలరోజులు మొఖం బయటవెట్టలే."

"రాదు. మాటిస్తున్న."

"హైదరాబాదుకు పంపే ముందుగాల మాకు సూపియ్యాలె."

"సూపిస్త."

మాట ఇవ్వడానికేం, తేలిగ్గానే ఇచ్చాడు. అప్పటికి ఆ అమ్మాయి పేరు సుమన అని కూడా అతనికి తెలియదు.

రెండో ఆదివారం చేనులో నాగటి సాళ్లు తప్ప ఏమీ లేవు. ఆ చివర గట్టు మీద సుమన చేతులు కట్టుకుని నిలబడింది. మళ్లీ ఎక్కడైనా గూటం పాతుతాడేమోనని కాపలా. ఫొటోలో చీమంత పడింది. చీమంత మనిషి ఫొటో కిందికి రాదని కమలాకర్ తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. మనుషులకు ఈ విద్య పుట్టుకతోనే వస్తుంది.

మూడో వారానికి మొలకలు రెండేసి ఆకులు విప్పాయి. ఆరో వారానికి సుమన చేను మధ్యలోకి వచ్చింది. బీఈడీ అయిపోయి టీచర్ పరీక్షకు చదువుతున్న పిల్లకు ఆదివారం చేనులో ఏం పని అని అడగకండి. కలుపు తీయడానికని వాళ్ల నాయనమ్మ బీరమ్మకు చెప్పి వచ్చేది.

"నేను పడుతున్ననా అండ్ల?" అని అక్కణ్ణుంచే అరిచేది.

"ఎక్కువేం లేదు, పిచ్చుకంత!"

"పోయిన వారం చీమంటివి!"

"పెరుగుతున్నవ్!"

ఎనిమిదో వారం వాన పట్టుకుంది. కమలాకర్ చొక్కా విప్పి కెమెరా మీద కప్పి, బనీను మీద వణుకుతూ నిలబడ్డాడు. సుమన యూరియా బస్తా నెత్తిన కప్పుకుని వచ్చి, ఇంకో బస్తా అతని ముందు పెట్టింది.

"థాంక్స్," అని దాన్ని నెత్తిన వేసుకోబోయాడు.

"నీకు గాదు. కెమెరకు. నువ్వు తడిస్తే ఆరుతవు, అది తడిస్తే ఖరాబైతది."

అతనికి కోపం రావాలి. రాలేదు. ఆ రోజు తీసిన ఫొటో కాస్త వంకరగా వచ్చింది గానీ, ఎందుకో దాన్ని మళ్లీ తీయబుద్ధి కాలేదు.

పన్నెండో వారానికి పూత వచ్చింది. ఒకే మొక్కకు తెల్ల పూలు, గులాబీ పూలు. కమలాకర్ గాబరాగా గట్టు దిగాడు.

"సుమనా, మీకెవడో కల్తీ విత్తనం అంటగట్టిండు! సూడు, రెండు రంగులు."

సుమన నవ్వడం మొదలుపెట్టి సాళ్లలోనే కూలబడింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"ఓ కెమెర సారూ! పత్తిపువ్వు పొద్దుగాల విచ్చుకుంటె తెల్లగుంటది. తెల్లారెవరకు గులాబీ రంగైతది. ఒకటే పువ్వు."

"ఒక్క దినంలనా?"

"నమ్మకపోతే రేపొచ్చి సూస్కో."

రేపంటే సోమవారం. సోమవారం స్టూడియోకు ఆధార్ ఫొటోల కోసం జనం వస్తారు. వాళ్లను వదిలేసి కమలాకర్ చేనుకు వెళ్లాడు. సుమన ముందురోజే ఒక తెల్లపువ్వు కాడకు దారం కట్టి ఉంచింది. ఇప్పుడది గులాబీ రంగులో ఉంది. ఇద్దరూ దాని ముందు గొంతుక్కూచుని చాలాసేపు చూశారు. పువ్వును చూడటానికి అంత సేపు పట్టదు. తనకు ఈ పిల్లంటే ఇష్టమని కమలాకర్‌కు ఆ సోమవారం ఖాయంగా తెలిసింది.

కాయలు కట్టాయి, పగిలాయి. కార్తీకం నాటికి చేనంతా తెల్లబడింది. కూలీలతో కలిసి పత్తి ఏరుతూ సుమన ప్రతి వారం ఒక సాలు ఇటే జరిగింది. ఫిబ్రవరిలో కట్టె పీకి కుప్పలేశారు, చేను మళ్లీ బోడిదైంది. ఆఖరి ఆదివారం ట్రైపాడ్ మడుస్తుంటే సుమన అడిగింది.

"వచ్చే ఆదివారం సంది ఏం చేస్తవు?"

"ఫొటోలు సూపిచ్చినంక చెప్త," అన్నాడు.

"అప్పటిదాంక ఓపిక పట్టాల్నా?"

"జర."

ఆమె ఎర్రబడిన మొహంతో వెళ్లిపోయింది. ఫొటోలు చూపించి, పరశురాములు మెచ్చుకున్నాక, ఆ మెచ్చుకోలు మీద సుమనను అడగాలి. ఇదీ కమలాకర్ లెక్క.

మర్నాడు మధ్యాహ్నం స్టూడియోలో ఫొటోలు వరసగా పేర్చి చూసుకుని గతుక్కుమన్నాడు. నలభైలో ముప్పై ఎనిమిది ఫొటోల్లో సుమన ఉంది. పరశురాములు ఇది చూస్తే మాట తప్పినవాడి కింద లెక్క. ఆ తర్వాత పిల్లనడిగే మాట అటుంచి, ఆయన గట్టు కూడా ఎక్కనివ్వడు.

ఇప్పటి కంప్యూటర్లలో మనిషిని తీసేయడం చిటికెలో పని. మనిషి చుట్టూ గీత గీసి ఒక బటన్ నొక్కితే మనిషి పోయి మట్టి మిగులుతుంది. ముప్పై ఎనిమిదిసార్లు గీశాడు, ముప్పై ఎనిమిదిసార్లు నొక్కాడు. అసలు ఫొటోలు పారేయబుద్ధి కాక వేరే ఫోల్డర్లో దాచాడు.

ఆ గురువారం రైతు వేదికలో మీటింగ్ ఉంది. వ్యవసాయ శాఖ మేడం మాట్లాడటం అయ్యాక, అక్కడి ప్రొజెక్టర్‌తోనే గోడ మీద చూపించమన్నాడు పరశురాములు. అరవై మంది దాకా కూర్చున్నారు. ముందు వరసలో పరశురాములు, బీరమ్మ. వాళ్ల పక్కన కొత్త చున్నీ వేసుకుని సుమన.

ఫొటోలు ఒకదాని వెంట ఒకటి నడిచాయి. మట్టి పచ్చబడింది, పచ్చ తెల్లబడింది, తెలుపు మళ్లీ మట్టయింది. "అగో, గది శ్రావణంల పడ్డ వాన!" అని ఒకరు, "గప్పుడే గద నాకు కాలు విరిగింది" అని ఇంకొకరు. చివరికి చప్పట్లు మోగాయి. పరశురాములు తన చేనును ఎన్నడూ చూడనట్టు చూస్తూ ఉండిపోయాడు. అంతా అనుకున్నట్టే జరిగిందని కమలాకర్ ఊపిరి పీల్చుకున్నాడు.

సుమన లేచి నిలబడింది.

"నేనేది?"

చప్పట్లు ఆగాయి.

"నలభై ఆదివారాలు వచ్చిన. ఎండల నిలబడ్డ, వానల నిలబడ్డ. ఒక్కదాంట్ల గూడ లేను. నేనేమైపోయిన?" ఏడుపు ఆపుకుంటోందని అందరికీ తెలిసిపోయింది.

"కలుపు తీయవోతున్న అంటివి గదనే!" అంది బీరమ్మ.

సుమన అప్పుడు నాలిక్కరుచుకుంది. ఇక కరుచుకుని లాభం లేదు. పరశురాములు బిడ్డ వైపు చూసి, కమలాకర్ వైపు తిరిగాడు.

"నేనే తీసేసిన సుమనా," అన్నాడు కమలాకర్. "నీ ఫొటో రానియ్యనని మొదటి దినమే మీ నాయినకు మాటిచ్చిన. నువ్వు వచ్చి నిలబడుతుంటే పొమ్మనబుద్ధి కాలే. అట్లనే ఉంచితే మాట పోతది, ఇంక నీతోని మాట్లాడనియ్యరని భయమైంది."

"నాకు చెప్తే ఏమాయె?"

"చెప్తే నువ్వు రావని."

హాల్లో ఎవరూ కదల్లేదు. వ్యవసాయ శాఖ మేడం కూడా, ఆఫీసు పని ఉన్నా, కూర్చునే ఉంది.

"అసలుయి ఉన్నయా?" పరశురాములు అడిగాడు.

"ఉన్నయి."

"పెట్టు."

మళ్లీ మొదటి నుంచి నడిచాయి. ఈసారి పత్తిని చూసినవాళ్లు లేరు. రెండో వారం గట్టు మీద చీమంత సుమన. ఆరో వారం చేను మధ్యలో. వానలో బస్తా కింద. పూతలో, కాతలో, తెల్లటి పత్తి నడుమ. వారం వారం ఇటే, కెమెరా వైపే వస్తోంది. మొదట్లో కోపంగా ఉన్న మొహం ఎప్పుడు మారిందో తెలియలేదు గానీ, పూత తర్వాత ఒక్క ఫొటోలో కూడా ఆ కోపం లేదు. ఇంట్లోవాళ్ల కళ్లకు ఒక్కరోజూ కనబడని సంగతి గోడ మీద రెండు నిమిషాల్లో కనబడింది. చివరి వారాల్లో చేను బోడిగా ఉంది. సుమన మాత్రం ఉంది, దగ్గరగా, నవ్వుతూ.

బీరమ్మ వేలు చూపింది. "ఓ పిల్లా, పత్తికట్టె పీకినంక చేన్ల ఏం పనుండెనే నీకు?"

హాలంతా గొల్లుమంది. సుమన చున్నీలో మొహం దాచుకుంది.

నలభయ్యో ఫొటో వచ్చింది. అందులో చేనొక్కటే ఉంది.

"ఇండ్ల లేదేంది?" అన్నాడు పరశురాములు.

"ఆ దినం నా పక్కన నిలబడ్డది," అన్నాడు కమలాకర్. "బటన్ ఆమెనే నొక్కింది."

పరశురాములు గోడ మీది బోడి చేనును చూశాడు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "మాట తప్పినవా, నిలబెట్టినవా, నాకే సమజ్ అయితలేదు," అని బిడ్డ వైపు తిరిగాడు. "నీకిష్టమేనా?"

సుమన చున్నీలోంచే తల ఊపింది.

కమలాకర్ ముందుకొచ్చాడు. "నాకు సుమనంటే పానం. ఈ ఫొటోలు హైదరాబాదుకు పంపమంటే పంపుత, వద్దంటే ఈన్నే తీసేస్త. ఎగ్జిబిషన్ పోతే పోనీ. పిల్లను మాత్రం వద్దనకు కాకా."

పరశురాములు తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"పిల్లనడుగుకుంట కాకా అంటవేందిరా? మామా అనాలె."